మా పశువుల గడ్డిలో సీతాకోకచిలుకలు ఎందుకు లేవు?

గేదెలపాక
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర. ఇంటెనకాల అరెకరం గేదెలకి సూపర్ నేపియర్ గడ్డి వేశాం, చుట్టూ కొబ్బరి, అవతల వరి. మొన్న మా అత్తగారి ఊరు వెళ్ళాం, లంక ఊరు, అక్కడ పుంత పక్కన ఏదో మామూలు గడ్డి, మా దాంట్లో పదోవంతు కూడా ఉండదు, కానీ నడుస్తుంటే సీతాకోకచిలుకలు కాళ్ళకి తగుల్తున్నాయి. మా దాంట్లో మందు కూడా కొట్టం, ఏడాదంతా పచ్చగానే ఉంటది, అయినా పొద్దున్న అరగంట నిలబడితే రెండో మూడో పసుపువి. మా పాప ఎందుకు నాన్నా అంటే చెప్పలేకపోయాను.

కాలవగట్టు
పచ్చగా ఉంటే చాలదండి. నేపియర్ పూతకి రాకుండానే కోసేస్తాం, వచ్చినా గడ్డిపూలలో తేనె ఉండదు. ఇంక గుడ్లు పెట్టడానికి ఒక్కో రకం సీతాకోకచిలుకకి ఒక్కో మొక్క కావాలి. ప్లెయిన్ టైగర్‌కి జిల్లేడు, నల్లగా పెద్దగా తిరిగే కామన్ మార్మన్‌కి నిమ్మ, కరివేపాకు, మీరు చూసిన పసుపువి గ్రాస్ ఎల్లో అయ్యుంటాయి, వాటికి జీలుగ, తంగేడు లాంటివి. అచ్చంగా గడ్డి తిని పెరిగేవి ఈవినింగ్ బ్రౌన్ లాంటి గోధుమరంగువి, స్కిప్పర్లనే చిన్నవాటిలో కొన్ని, అలా కొన్ని రకాలే. లంకలో పుంత పక్కన ఇవన్నీ కలిసుంటాయి, గడ్డి చేమంతి పూలు, కంప, జిల్లేడు, పెరట్లో నిమ్మచెట్టు, అన్నీ నాలుగడుగుల్లో. నిన్న మా గట్టు మీద జిల్లేడాకు తిప్పి చూస్తే అడుగున ఒకే ఒక్క గుడ్డు, ఆవగింజ కన్నా చిన్నది, తెల్లగా, పక్కాకు మీద నలుపు తెలుపు పసుపు పట్టీల గొంగళి, పాలు కారుతున్నా తినేస్తా ఉంది. ఆ జిల్లేడు పీకేస్తే ఎన్నెకరాల గడ్డున్నా ప్లెయిన్ టైగర్ అక్కడ పుట్టదండి.

లంకమేత
కోత సంగతి కూడా చూడండి. బ్రష్ కట్టర్‌తో ఒక్కరోజులో అంతా నేలమట్టం చేస్తే గుడ్లు, గొంగళ్ళు మోపులో పోతాయి. మా నాన్న కొడవలితో రోజుకో మోపు కోసేవారు, ఎప్పుడూ ఒక మూల ఎదిగిన గడ్డి ఉండేది. అలాగని కోత మానేయమనట్లేదు. ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ అనే నీలం రకం 1979కి పూర్తిగా పోయింది, దాని గొంగళి ఒక రకం ఎర్రచీమల పుట్టలో పెరుగుతుంది, పశువుల మేత తగ్గి గడ్డి ఎత్తు పెరిగేసరికి నేల చల్లబడి ఆ చీమలు తగ్గిపోయాయి. తర్వాత స్వీడన్ నుంచి తెచ్చి వదిలారు, గడ్డి పొట్టిగా ఉండేలా మేపుతూ. పొట్టిదీ కావాలి, ఎదిగిందీ కావాలి, పక్కపక్కనే.

కాలవగట్టు
అవునండి. అన్నీ ఒకేలా ఎగరవు కూడా, ప్లెయిన్ టైగర్ ఊళ్ళు దాటి వస్తుంది, గ్రాస్ బ్లూ అనే చిన్న నీలంది మాత్రం నేలబారుగా కొంచెం దూరమే తిరుగుతుంది, దానికి మధ్యలో అంతా ఊడ్చిన వరిచేలే ఉంటే కష్టం. గట్టు మీద గడ్డిమందు కొడితే ఆ దారి తెగినట్టే. పాపతో లెక్క కూడా పెట్టించండి, నిలబడి కాదు, ఒకే దారిలో మెల్లగా నడుస్తూ, అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు, అందులో కనపడినవే రాయాలి. బ్రిటన్‌లో 1976 నుంచి అలాగే లెక్కేస్తున్నారు.

గేదెలపాక
చాలా థాంక్సండి ఇద్దరికీ. మాకు పడమర గట్టు మీద నాలుగు జిల్లేడు మొక్కలుండేవి, పోయిన నెల నేనే పీకించాను, గేదెలు ముట్టవు కదా అని. వేర్లు ఉన్నట్టున్నాయి, ఇవాళ చూస్తే ఒకదానికి చిగురు కనపడింది. బోదె పక్కన నాలుగు బారల గడ్డి కూడా కొయ్యకుండా వదిలేస్తాను, ఆదివారం పాపా నేనూ నడిచి లెక్క ఇక్కడ పెడతాం.