1985 నాటి జమైకా పాటలు: నా జాబితాకు ఏమి తక్కువైంది?

రెగె, డాన్స్‌హాల్ పిచ్చి ఉన్నవారు దయచేసి కాస్త సాయం చేయండి. మిత్రుల కోసం 1985ను గుర్తుచేసేలా ఒక గంట పాటలు వరుసగా కూరుస్తున్నాను.

మొదటి పాట విషయంలో నాకు సందేహమే లేదు: వేన్ స్మిత్ ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’. చిన్న కేసియో ఎంటీ-40 కీబోర్డులో ముందే అమర్చి ఉన్న తాళాన్ని నెమ్మది చేసి, నిర్మాత కింగ్ జామీ దాని మీదే పాట కట్టించాడు. బేస్ గిటార్ లేదు, డ్రమ్ములు వాయించే మనిషి లేడు. ఆ దెబ్బతో కింగ్‌స్టన్ స్టూడియోలు యంత్రాల వెంట పడ్డాయి.

నా చిక్కు అక్కడే. ఇలాంటివి వరుసగా నాలుగు వినిపిస్తే, మిక్సీ ఆపమని ఇంట్లో గోల! అదే ఏడాది టెనర్ సా ‘రింగ్ ది అలారం’ను 1970ల నాటి స్టాలాగ్ రిథమ్ (పలువురు గాయకులు వేర్వేరు పాటలు పాడుకునే ఒకే వాద్య నేపథ్యం) మీద పాడాడు, అది మాత్రం అందరికీ నచ్చింది.

అలా మనుషులు వాయించిన 1985 పాటలు మరో రెండు మూడు చెప్పగలరా? గాయనులవైతే మరీ మంచిది, నా జాబితాలో ఒక్క స్త్రీ గొంతూ లేదు. ఇంకొకటి: స్లెంగ్ టెంగ్ రిథమ్ మీదే టెనర్ సా, జానీ ఆస్‌బోర్న్ ఇద్దరూ పాడారు. ఒక్కరికే చోటుంది. మీరైతే ఎవరిని ఉంచుతారు?