అలఁతిం బోఁడు: కొద్దిదానితో పోడా, తేలికగా పోడా?

చివరిబెంచి:
ఒక పాదం నాలుకమీద ఆడుతోంది గాని పట్టు చిక్కడం లేదు. పోతన భాగవతంలో, వామనుడికి మూడడుగులు ఇవ్వబోతున్న బలికి గురువు శుక్రుడు చెప్పేది. “... మీ కుబ్జుండు విశ్వంభరుం డల్పుం డేమియుఁ గాఁడు...” అని ఏదో గుర్తు. చివర “దానము గీనము” ఉంటుంది. ఆ “డల్పుం” దగ్గరే ఎక్కడో తేడా కొడుతోంది. పొట్టివాడని తేలిగ్గా తీసుకోవద్దు అనే కదా భావం? అసలు పాఠం ఎవరైనా ఇస్తారా? ఇంకొకటి, ఆ “మీ” ఎవరిది?

అరసున్న:
డల్పుం అని ఎత్తుకుంటే మత్తేభం కాస్తా శార్దూలమై కూర్చుంటుంది. ప్రాస కూడా లకారం, ల్పకారం కాదు. పద్యం ఇది:

కులమున్ రాజ్యముఁ దేజమున్ నిలుపు మీ కుబ్జుండు విశ్వంభరుం
డలఁతిం బోఁడు త్రివిక్రమస్ఫురణ వాఁడై నిండు బ్రహ్మాండముం
గలఁడే మాన్ప నొకండు నా పలుకు లాకర్ణింపు కర్ణంబులన్
వలదీ దానము గీనముం బనుపుమా వర్ణిన్ వదాన్యోత్తమా!

“మీ” ఎవరిదీ కాదు. నిలుపుము, ఈ కుబ్జుండు. విడదీసి అచ్చువేసినవారి పుణ్యమా అని చాలామంది “మీ కుబ్జుడు” అని చదువుతుంటారు, బలి ఇంటి మనిషి అన్నట్టు.

చివరిబెంచి:
ధన్యవాదాలు. అలఁతిం బోఁడు! అదే. అయితే “కొద్దిదానితో పోడు” అనేనా?

పాతప్రతి:
అంతే. అలఁతి అంటే స్వల్పం. మూడడుగులు పుచ్చుకుని వెళ్ళిపోయే రకం కాదని. ఇందులో చర్చకేముంది?

ద్రుతం:
ఉంది. “అలఁతిన్” అని చివర ద్రుతం (నకారం) ఉన్నంతమాత్రాన “అలఁతితో” అనే అనాలా? “అలఁతిగా” అని క్రియావిశేషణం ఎందుకు కాకూడదు? తేలిగ్గా వదలడు, సులువుగా పోడు అని. గడపలో నిలబడ్డ అతిథిని సాగనంపడం కుదరదు అంటున్నాడు గురువు. తరువాతి పాదంలో “గలఁడే మాన్ప నొకండు” చూడండి. ఆపగలవాడు ఎవడున్నాడు అన్న ప్రశ్నకు ముందు “సులువుగా పోడు” అన్నదే అతుకుతుంది.

పాతప్రతి:
సులువుగా పోనివాణ్ణి నాలుగో పాదంలో “పనుపుమా” అని ఎలా అంటాడండీ? పంపెయ్యమని తానే చెబుతున్నాడు కదా. దానం లేకుండా పంపెయ్యి, దానమంటూ మొదలుపెడితే కొద్దిదానితో పోడు. నా అర్థానికే తర్కం కుదురుతుంది.

మూడోఅడుగు:
ఇద్దరూ “పోఁడు”ను కాళ్ళతోనే నడిపిస్తున్నారు. పోవడం అంటే వెళ్ళడమే కానక్కరలేదు. అలఁతిం బోఁడు అంటే అలఁతిగా ఉండిపోడు, చిన్నవాడుగానే మిగిలిపోడు అని నా వాదన. వెంటనే “త్రివిక్రమస్ఫురణ వాఁడై నిండు బ్రహ్మాండముం” అని వస్తోంది. కుబ్జుడు, అలఁతి, త్రివిక్రముడు, బ్రహ్మాండం: మెట్లు మెట్లుగా పెరుగుతోంది పద్యం. మధ్యలో ఇంటికి వెళ్ళే సంగతి ఎందుకు?

ద్రుతం:
“ఉండిపోడు”లో ఉండు ఉంది. ఇక్కడ లేదు. లేని క్రియను ఊహించుకుంటే ఏ పద్యానికైనా ఏ అర్థమైనా వస్తుంది.

మూడోఅడుగు:
సరే, మూలం చూద్దాం. సంస్కృత భాగవతంలో వ్యాసుడి శుక్రుడు “త్రిభిః క్రమైరిమాల్లోకాన్ విశ్వకాయః క్రమిష్యతి” అంటాడు, విశ్వమే దేహమైనవాడు మూడడుగులతో ఈ లోకాలను ఆక్రమిస్తాడని, ఆ వెనకే “తార్తీయస్య కుతో గతిః” అని. మూడో అడుగుకు చోటెక్కడ అని కదా. ఆ “గతి”లోంచే పోతన “పోఁడు” వచ్చిందని నా అనుమానం. అక్కడి విశ్వకాయుడే ఇక్కడి విశ్వంభరుడు.

అరసున్న:
అనుమానం అందంగా ఉంది. ఆధారమే లేదు.

పాతప్రతి:
మూలం ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ శుక్రుడు శిష్యుణ్ణి “మూఢ” అని పిలుస్తాడు, సర్వస్వమూ విష్ణువుకు ఇచ్చేసి ఎలా బతుకుతావని. పోతన ఆ మాట తీసేసి ఏమి పెట్టాడో గమనించారా? “వదాన్యోత్తమా”! దానం వద్దని చెబుతూ, దాతల్లో మేటీ అని పిలవడం. ఆ పిలుపుతోనే గురువు వాదం వీగిపోయింది.

సన్నజాజి:
నాకు ఆ పాదంలో “గీనము” ఒక్కటి చాలు. అంత గంభీరమైన మత్తేభంలో, రాక్షసగురువు నోట, మనం రోజూ అనే “చదువూ గిదువూ” బాపతు మాట. పైగా అక్కడితో ఆగలేదు. “ఆదిన్ శ్రీసతి కొప్పుపై” పద్యం చివర బలి ఏమంటాడు? “రాజ్యము గీజ్యమున్ సతతమే” అంటాడు. గురువు దానాన్ని గీనం చేశాడు, శిష్యుడు రాజ్యాన్ని గీజ్యం చేశాడు. కులం, రాజ్యం, తేజం నిలుపుకో అన్న మొదటి పాదానికి అసలైన జవాబు అది. “కాయంబు నాపాయమే” అని దేహాన్ని కూడా అదే ఖాతాలో వేశాడు.

అరసున్న:
సన్నజాజిగారూ, కులం సంగతి మరిచారు. “నిరయంబైన నిబంధమైన” పద్యంలో “కులాంతమైన” ఉంది. మూడింటికీ లెక్క సరిపోయింది.

సన్నజాజి:
తేజానికి ఎక్కడ జవాబు చెప్పాడో చూపితే ఒప్పుకుంటాను.

చివరిబెంచి:
అలఁతి సంగతి...

విసంధి:
వస్తున్నాను. మొదటి పాదం చివర చూడండి, “విశ్వంభరుం” దగ్గర పాదం అయిపోయింది, “డు” కింది పాదంలో పడింది. కుబ్జుడు పాదంలో సుఖంగా ఇమిడాడు. విశ్వంభరుడు ఇమడలేక పొర్లిపోయాడు! పొట్టివాడు చోటుకు సరిపోవడం, వాడి అసలు పేరు సరిపోకపోవడం. పోతన చేసిన తమాషా ఇది.

అరసున్న:
ప్రతి రెండో పద్యంలోనూ మాట పాదం దాటుతుంది. అప్పుడు దాటిన ప్రతి మాటా విశ్వరూపమేనా? ఇదే పద్యంలో “బ్రహ్మాండముం గలఁడే” కూడా పాదం దాటే సంధే.

విసంధి:
అక్కడ మాట విరగలేదు, పక్క మాటతో సంధి కుదిరిందంతే. విశ్వంభరుడి విషయంలో మాటే విరిగింది. తేడా చెవికి తెలుస్తుంది.

పాతప్రతి:
చెవి సంగతి మనిషికొక తీరు. నా ప్రశ్న వేరే. అలఁతి అన్న మాట అల్పానికి చుట్టమా కాదా? చివరిబెంచిగారి జ్ఞాపకం “అల్పుం” దగ్గరికి జారడం ఊరికే జరగలేదనిపిస్తోంది.

అరసున్న:
అల్పంలోంచి వస్తే ఈ అరసున్న ఎక్కడిది? పైగా రుచి వేరు. “అల్పుఁ డెపుడు పల్కు నాడంబరముగాను” అన్నప్పుడు వేమన కొలత చెప్పడం లేదు, తిడుతున్నాడు. అలఁతిలో తిట్టు లేదు. “అలతి అలతి పదాలు” అని మెచ్చుకోలుగా ఇప్పటికీ వాడుతున్నాం. శుక్రుడికి వామనుడంటే భయం గాని చులకన లేదు. అందుకే అల్పం కాక అలఁతి.

మూడోఅడుగు:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ సభలో చులకన చేసింది ఒక్క బలే, అదీ ముద్దుగా. “అడుగఁ దలఁచి కొంచె మడిగితివో చెల్ల! దాత పెంపు సొంపుఁ దలఁపవలదె” అంటాడు. చిన్నవాడు, అడగడం కూడా చేతకాలేదు పాపం అన్నట్టు. ఇంతకూ వామనుడు దాచింది ఏమైనా ఉందా? “ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల” అంటూనే “బ్రహ్మకూకటి ముట్టెద” అనేశాడు, బ్రహ్మ పిలక అందుకుంటానని. ఆనందంతో పొంగిపోతానని బలి విన్నాడు. నిజంగానే ముడతాడని వినలేదు. మళ్ళీ మూడడుగులు ఇస్తే “అది బ్రహ్మాండంబు నా పాలికిన్” అన్నాడు. వినయం అనుకున్నారు. అది ముందస్తు నోటీసు.

సన్నజాజి:
అబ్బ. ఆ “బ్రహ్మాండంబు”నే శుక్రుడు పట్టుకుని “నిండు బ్రహ్మాండముం” అన్నాడన్నమాట. సభలో ఆ మాటను ఉన్నదున్నట్టు విన్న చెవి ఒక్కటే.

పాతప్రతి:
అక్కడితో ఆగకండి. ఈపాటికి ఎవరో ఒకరు “ఇంతింతై వటుఁడింతయై” తెస్తారని ఎదురుచూస్తున్నాను. నా ఓటు దానికి కాదు, “రవిబింబం బుపమింపఁ బాత్రమగు” పద్యానికి. ఇంతింతైలో పోతన మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు అని మెట్లు చూపిస్తాడు. రవిబింబంలో పెరిగేవాణ్ణి కొలవడం మానేసి సూర్యుణ్ణి కిందికి దింపుతాడు: గొడుగు, తలమీద రత్నం, చెవిపోగు, మెడలో నగ, చివరికి పాదపీఠం. ఆఖరున “వటుఁడు దాఁ బ్రహ్మాండము నిండుచోన్”. శుక్రుడి రెండు మాటలూ, నిండు, బ్రహ్మాండము, అచ్చంగా తిరిగివచ్చాయి. అంత పెరిగినా పోతన వాణ్ణి “వటుఁడు” అనే పిలుస్తున్నాడు. త్రివిక్రముడు అనలేదు.

ద్రుతం:
అలాగైతే మూడోఅడుగుగారి “చిన్నవాడుగా మిగిలిపోడు” అన్న అర్థానికి అదే ఎదురుదెబ్బ. బ్రహ్మాండం నిండినా వటుడు వటుడే.

మూడోఅడుగు:
పిలుపు మిగిలింది, కొలత మిగల్లేదు. నా అర్థానికి ఢోకా లేదు.

అరసున్న:
నన్నడిగితే “అలఁతిం” ఇక్కడ కావాలనే రెండువైపులా పదును పెట్టిన మాట. పంపాలంటే తేలిక కాదు, ఇవ్వాలంటే కొద్ది కాదు. పోతనకు ఒక్క అర్థమే కావాలంటే “కొంచెం” అనేవాడు, బలి నోట అన్నట్టు.

పాతప్రతి:
ప్రాసస్థానంలో “కొంచెం” ఎలా పెడతాడండీ! ఛందస్సు కట్టిన చేతులను చూపించి కవి ఉద్దేశం అంటే ఎలా?

చివరిబెంచి:
అందరికీ ధన్యవాదాలు. అయితే కొద్దిదానితో అని రాసుకోనా, తేలికగా అని రాసుకోనా? పిల్లలకు చెప్పాలి.

సన్నజాజి:
పద్యం చదివి వినిపించండి, ముందు “గీనము”కు నవ్వనివ్వండి. అర్థం తరువాత చూసుకోవచ్చు. ఈలోగా మూడోఅడుగుగారు పైన ఉదహరించిన పాదంలో “చెల్ల” మీద నాకొక సందేహం. అది “చెల్లఁబో”లోని అయ్యోనా, లేక “అది చెల్లదు” అనా?

ద్రుతం:
అయ్యోనే.

పాతప్రతి:
కానే కాదు. “వో” తరువాత ఆగి చదివి చూడండి.