కళకు అందం అవసరమా?

లంగరు:
విశాఖ బీచ్ రోడ్డు సమీపంలో ఒక ప్రదర్శన చూశాను. గది నిండా తుప్పు పట్టిన గొలుసులు, చిరిగిన వలలు పోసి, హుద్‌హుద్ తుపాను జ్ఞాపకమని రాసి పెట్టారు. కంటికి ఇంపు కలిగించని దాన్ని కళ అని ఎందుకు ఒప్పుకోవాలి?

ఎర్రదిబ్బ:
2014 అక్టోబరు 12న ఈ ఊరిని ఊడబెరికిన గాలిని ఇంపుగా చూపమంటారా? 1943 నాటి బెంగాల్ కరవును గీసిన చిత్రకారుడు చిత్తప్రసాద్ ఆ ఎముకల గూళ్లకు సొగసులు దిద్దలేదు. 1917లో ఫ్రెంచ్ కళాకారుడు డ్యూషాం మూత్రశాల తొట్టిని ‘ఫౌంటెన్’ పేరుతో న్యూయార్క్ ప్రదర్శనకు పంపిన తరువాత అందం కళకు షరతుగా మిగలలేదు.

లంగరు:
ఆ తొట్టిని అక్కడ ప్రదర్శించనే లేదు. అసలుది పోయింది. మ్యూజియంలలో ఉన్నవి తరువాత చేయించిన నకళ్లు. లేని వస్తువును సాక్ష్యంగా తెస్తున్నారు.

ఎర్రదిబ్బ:
వస్తువు పోయినా అది వేసిన ప్రశ్న పోలేదు.

లంగరు:
నకలును చూసి అసలు గురించి తీర్పు చెప్పకూడదు.

అల:
తొట్టిని వదిలి వలల సంగతి మాట్లాడండి. అందం కళకు తప్పనిసరి కాకపోయినా మనిషి బతుకుకు తప్పనిసరి అని అమెరికన్ తత్త్వవేత్త ఆర్థర్ డాంటో వాదించాడు. నాకు అది సబబుగా తోస్తుంది.

లంగరు:
బతుకు సంగతే చెబుతాను. మా నాన్నగారు ఏటికొప్పాకలో నలభై ఏళ్లపాటు లక్క బొమ్మలు చేశారు. అంకుడు కర్రను తరిమెన (కర్రను తిప్పే యంత్రం) పట్టి, తిరిగే కర్రకు లక్కను ఒత్తి, రాపిడి వేడికి కరిగి పట్టిన రంగును మొగలి ఆకుతో మెరుగు పెట్టేవారు. ఒక ప్రదర్శనకు ఆ బొమ్మలు తీసుకువెళితే, అందంగా ఉన్నాయి గానీ ఇందులో ఆలోచన లేదని తిప్పి పంపారు. వలలకు గది ఇచ్చినవారు ఆయన బొమ్మలకు ఒక అలమర అర కూడా ఇవ్వలేదు. ఎవరి పనిలో ఆలోచన ఉందో తేల్చే అధికారం వాళ్లకు ఎవరిచ్చారు?

ఎర్రదిబ్బ:
ఆ మాట అన్నవారిది ముమ్మాటికీ తప్పు. ఏ వేడికి లక్క ఎంత పాకుతుందో ఎరిగిన చేతిలో ఆలోచన లేదంటే నేను నమ్మను. అయినా ఆ వలలను వదులుకోలేను. ఆ తుపానులో మా మావయ్య పడవ హార్బరులోనే ముక్కలైంది. ఆ గదిలో తెగిన ముడులను చూసి చాలాసేపు కదలలేకపోయాను.

లంగరు:
మీ మావయ్యగారి సంగతి నాకు తెలియదు. ఆదివారం వెళ్లి వలలను మళ్లీ చూస్తాను. ఆ గదిలో నాన్నగారి బొమ్మలకు చోటు ఎందుకు లేదో మాత్రం మీరింకా చెప్పలేదు.