ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మన వైపు గే అన్నలు ఎవరైనా ఉంటే మాట్లాడండి

చీపురుపల్లి_26
విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నా. గే అని ఇంటర్‌లోనే అర్థమైంది, ఇప్పుడు ఆ విషయంలో నాతో నాకు పేచీ లేదు. టెన్షన్ అంతా పెళ్లి గురించే. దసరా వెళ్లగానే పెళ్లిచూపులంటున్నారు. ఇలాంటివి రాసేవాళ్లంతా హైదరాబాద్, బెంగళూరు వాళ్లే. అక్కడ పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో ఎవడికీ పట్టదు. మా ఊళ్లో నేనెవరి బండి ఎక్కానో నేను ఇల్లు చేరేలోపే అమ్మకి తెలిసిపోతుంది. ముప్పై దాటినవాళ్లు ఇక్కడ ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు
బాబూ, నాకు అరవై ఒకటి. శ్రీకాకుళం పక్క పల్లె. మా రోజుల్లో నాలాంటివాడు ఇంకొకడు ఉంటాడని కూడా అనుకోలేదు. టీచర్ ట్రైనింగ్‌లో కలిశాడు ఒకతను. ఆదివారం వస్తే బస్సెక్కి కళింగపట్నం పోయి, ఆఖరి బస్సు టైము దాకా ఇసకలో కూర్చునేవాళ్లం. అతని పెళ్లికి వంటవాళ్ల దగ్గర్నుంచి సన్నాయి మేళం దాకా నేనే మాట్లాడాను. మరుసటేడు నా పెళ్లి అయింది.

మా ఆవిడ మంచి మనిషి. పిల్లలు స్థిరపడ్డారు. ఒక రాత్రి ఆవిడ "నాలో ఏటి లోటుందండీ?" అని అడిగింది. నిద్రపోతున్నట్టు పడుకున్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నీ బాధ సంగతి సరే, ఆ వచ్చే పిల్ల గురించి ఆలోచించు. తనలో లేని లోపం తనే వెతుక్కుంటూ బతకాలి.

అతను 2019లో పోయాడు. పదకొండో రోజు భోజనాలకి వెళ్లి, అందరితో పాటు బంతిలో కూర్చుని తిని వచ్చాను. ఇది ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి.

పలాస_జీడి
మాస్టారూ, ఇది చదివాక వెంటనే ఏమీ రాయలేకపోయాను.

తమ్ముడూ, నాకు ముప్పై నాలుగు. ఉద్దానం మాది. మనలాంటివాళ్లని నేరస్థుల్ని చేసిన 377 సెక్షన్ మీద, ఇద్దరు మేజర్లు ఇష్టపడితే నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. గదిలో తలుపేసుకుని ఫోన్‌లో చూసి ఏడ్చాను. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఆ ఏడాది గురించి మా వైపు ఎవర్నడిగినా కూలిపోయిన జీడిచెట్ల గురించే చెప్తారు, కోర్టు సంగతి ఎవరికీ గుర్తుండదు. తోట పోయిన ఇంట్లో పెళ్లి మాట ఎవరెత్తుతారు? అలా నాకు కొంత టైము దొరికింది. సిగ్గులేకుండా చెప్తున్నా, తుఫాను నా పెళ్లి ఆపింది.

ఆ టైములోనే అప్పకి, అంటే మా అక్కకి చెప్పాను. చేట ముందేసుకుని గుండు పప్పు ఒకపక్కకి, బద్ద ఒకపక్కకి ఏరుతోంది. చెయ్యి ఆగలేదు, తలెత్తలేదు. కాసేపటికి "అమ్మకి నువ్వు సెప్పకు, నాను సూసుకుంతాను" అంది. చూసుకోడానికి చాలాకాలం పట్టింది. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెట్టేది. జాతకం కుదరలేదనీ, ఆ ఇంటి మనుషులు నచ్చలేదనీ. అమ్మకి మెల్లగా ఎక్కించింది. నాన్న ఇప్పటికీ ఆ ఊసెత్తడు, కానీ పెళ్లి మాటా ఎత్తడు. మాకదే ఎక్కువ.

రాజాం_రాజు
చదవడానికి బాగున్నాయి. అందరికీ అలాంటి అప్పలుండరు. నాకు ఇరవై తొమ్మిది, నాన్న షాపులోనే కూర్చుంటాను. నోరు విప్పితే రోడ్డున పడతాను. ఇంట్లో చెప్పను. అంతమాత్రాన నన్ను నేను ఒప్పుకోలేదని ఎవరూ క్లాసు పీకొద్దు. పెళ్లి వద్దనడానికి గే అని చెప్పనక్కర్లేదు. వద్దు అంటే వద్దు. గొడవవుతుంది, తిడతారు, అలుగుతారు. ముందు చేతిలో సొంత డబ్బు ఉండేలా చూసుకో.

గంటస్తంభం
రాజు చెప్పింది నిజం. నాకు నలభై రెండు. విశాఖలో నా పార్ట్‌నర్‌తో ఉంటాను, విజయనగరం గంటన్నర దూరం. సిరిమానోత్సవానికి ఏటా ఇద్దరం వస్తాం. ముందురోజు తొలేళ్ల నాటికి అమ్మ ఇద్దరికీ ఒకే తానులో చొక్కాలు కుట్టించి పెడుతుంది. చుట్టాలడిగితే "మావోడి స్నేహితుడు" అంటుంది. అంతకుమించి మేమూ అడగలేదు.

కాస్త పనికొచ్చే మాట. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మన పెళ్లిళ్లకి చట్టబద్ధత ఇవ్వలేదు కాబట్టి కాగితాలు మనమే చూసుకోవాలి. జాయింట్ ఖాతా తెరవడానికీ, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికీ ఆంక్ష లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మేమిద్దరం వీలునామాలు కూడా రాసి రిజిస్టర్ చేయించాం.

బీటెక్_20
అన్నలూ, నాది వేరే గోల. కాలేజీలో పాయింట్ ఫైవ్ అని ఏడిపిస్తారు. అమ్మకి అనుమానమొచ్చి ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మందులు వాడితే పోతుందన్నాడు, పెళ్లయితే పూర్తిగా సర్దుకుంటుందన్నాడు. యాప్‌లో పరిచయమైనవాడు స్క్రీన్‌షాట్లు ఇంటికి పంపుతానని డబ్బులడుగుతున్నాడు.

గంటస్తంభం
తమ్ముడూ, రూపాయి పంపకు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయకుండా దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. నిన్ను కేసులో ఇరికిస్తారని భయపడకు, ఇద్దరు మేజర్లు ఇష్టపడితే నేరం కాదు. ఇక ఆ డాక్టర్ సంగతి. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే 2018లో చెప్పింది. దీన్ని మారుస్తానని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. ఆ మందులు ఏంటో వేరే డాక్టర్‌కి చూపించు. రాత్రిళ్లు మరీ కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

రిటైర్డ్_మాస్టారు
ఆ ఏడిపించేవాళ్లకి పరీక్షల భయం వస్తే నీ ఊసే ఉండదు నాయనా. చదువు ఆపకు. ఎప్పుడైనా ఇక్కడ రాయి, నేను రోజూ చూస్తుంటాను.

చీపురుపల్లి_26
అందరికీ థ్యాంక్స్. అమ్మాయిని చూడ్డానికి రానని ఈ శనివారమే చెప్పేస్తా. కారణం అడిగితే ప్రస్తుతానికి రాజు లైనే. పలాస అన్నా, మా అప్పకి మాత్రం చెప్పాలని ఉంది. మీ అప్ప ఒకసారి ఆవిడతో మాట్లాడతారా?

పలాస_జీడి
అడిగాను, సరేనంది. నాకు మెసేజ్ పెట్టు, నంబరిస్తా. తొమ్మిదిన్నర దాటాక చెయ్యమంది, ఆలోపు సీరియల్ వస్తుందట.