రాజును అడిగిన పెద్దలది తప్పేనా?

చదువరి7: రాజకీయ సంస్కరణల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు బైబిల్లోని 1 సమూయేలు 8వ అధ్యాయం తీసి "రాజు కావాలన్నారు, అనుభవించారు" అని తేల్చేస్తారు. కానీ ఆ ఇశ్రాయేలు పెద్దలు రామా ఊళ్లో ఉన్న ప్రవక్త, న్యాయాధిపతి సమూయేలు దగ్గరికి ఊరికే పోలేదు కదా, ఆయన కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా కూర్చుని లంచాలు తింటున్నారు. మరి ఏం చేయాల్సింది?

పాతపుటలు: ఫిర్యాదు న్యాయమైనదే, నా పేచీ వాళ్లు కోరిన మందుతో. లంచగొండిని దించే దారి అడగకుండా, మిగతా జనాలకు ఉన్నట్టే మాకూ రాజు కావాలన్నారు. మీ కొడుకుల్ని రథాలకు, కూతుళ్లను వంటశాలకు పట్టుకుపోతాడు, పంటలో పదోవంతు గుంజుకుంటాడు అన్నా వినలేదు. అయితే సమూయేలు చేసిన ఆ హెచ్చరికలో తన కొడుకుల ఊసే లేదు, అదీ గమనించండి.

గట్టుమీద: నాకైతే బైబిల్లోనే 1 రాజులు 12వ అధ్యాయం ఎక్కువ పనికొస్తుంది. తర్వాతి కాలంలో ఇశ్రాయేలు రాజైన సొలొమోను 30,000 మందిని వెట్టికి పట్టి, నెలకు 10,000 చొప్పున లెబానోనుకు పంపాడు. ఆయన కొడుకు రెహబాము షెకెముకు వస్తే జనం అడిగింది చాలా చిన్నది, భారం తగ్గించు, నీ కిందే ఉంటాం అని. మూడు రోజులు గడువడిగి, పెద్దల సలహా పక్కనపెట్టి, తనతో పెరిగిన కుర్రాళ్ల మాట విని, మా నాన్న కొరడాలతో కొట్టాడు, నేను తేళ్లతో కొడతా అన్నాడు. పైగా తర్వాత జనం దగ్గరికి ఎవర్ని పంపాడనుకున్నారు? వెట్టిపని అధికారి అదోరామునే! రాళ్లతో కొట్టి చంపారు. క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం రెండు ముక్కలైంది.

చదువరి7: పోనీ, విడిపోయినవాళ్లయినా బాగుపడ్డారా?

గట్టుమీద: లేదు. వాళ్లు ఎన్నుకున్న యరొబాము కూడా ఒకప్పుడు సొలొమోను కింద వెట్టి చేయించినవాడే. రెహబాముకు పెట్టిన షరతు ఇతనికి పెట్టినట్టు ఎక్కడా లేదు. మనిషిని మార్చితే చాలనుకునే ఉద్యమాలన్నీ జారిపడేది ఇక్కడే. క్రీ.పూ. 722లో ఆ విడిపోయిన ఉత్తర రాజ్యపు రాజధాని సమరియ పడేలోపు 19 మంది రాజులు, అందులో ముందువాణ్ణి చంపి ఎక్కినవాళ్లు తక్కువేం కాదు.

పాతపుటలు: హద్దులు రాసిపెట్టినా చాలదు. రాజు గుర్రాలు, భార్యలు, వెండిబంగారాలు పెంచుకోకూడదని బైబిల్లోని ధర్మశాస్త్ర గ్రంథం ద్వితీయోపదేశకాండం 17లో ఉంది, సొలొమోను మూడూ పెంచాడు. నాబోతు ద్రాక్షతోట సంగతి ఇంకా ఘోరం. ఉత్తర రాజ్యపు రాజు అహాబు ఆ తోట అడిగితే నాబోతు ఇవ్వనన్నాడు, అహాబు లాక్కోలేక అలిగి మంచమెక్కాడు, అంటే రాజుకూ అడ్డు ఉంది. అతని భార్య యెజెబెలు ఆ అడ్డు జోలికే పోలేదు, రాజముద్రతో ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసి, ఇద్దరు దొంగసాక్షులను పెట్టించి, విచారణ పేరుతోనే చంపించింది.

చదువరి7: ప్రవక్త ఏలీయా వెళ్లి అహాబును ముఖానే నిలదీశాడుగా?

పాతపుటలు: నిలదీశాడు, నాబోతు చచ్చాక. న్యాయం చెప్పాల్సిన ఆ ఊరి పెద్దలు రాజు చేతికింద లేకుండా ఉండి ఉంటే ఏలీయాతో పనేముంది?