తార్నాకలో పోర్షన్: అద్దెకిచ్చే ఆయన జీపీఏ (ఓనరు తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) అసలుదో కాదో తెలుసుకోవడం ఎలా?

ఉస్మానియాలో పీజీ చేరబోతున్న ఇద్దరమ్మాయిల కోసం తార్నాకలో, మెట్రోకి నడిచివెళ్లే దూరంలో సింగిల్ బెడ్‌రూం పోర్షన్ చూశాం. రెండో అంతస్తు, విడి మెట్లు, వరండాకి గ్రిల్. బాత్రూం లోపల గ్యాస్ గీజర్ ఉంది, తీసేసి కరెంటుది పెడతామన్నారు (గాలాడని చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, అక్కడ రాజీ లేదు). చిక్కల్లా కాగితాల దగ్గరే.

కరెంటు బిల్లు మీది యూఎస్‌సీ (కనెక్షన్) నంబరు ఆన్‌లైన్లో కొడితే ఒక పేరొచ్చింది. ఇంటి పన్ను రికార్డులోనూ అదే పేరు. అద్దెకిస్తున్నది మాత్రం వేరే ఆయన. ఓనరు విదేశంలో ఉన్నారు, నాకు జీపీఏ ఇచ్చారు అంటున్నారు. చూపించింది జిరాక్స్. విదేశంలో రాసిందైతే ఇండియన్ కాన్సులేట్ లేదా అక్కడి నోటరీ అటెస్టేషన్, ఇక్కడికి చేరిన 3 నెలల్లో కట్టిన స్టాంపు డ్యూటీ ఉండాలి కదా, రెండూ కనపడలేదు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయిస్తే పాత అమ్మకం, ఒక తనఖా తప్ప ఏమీ లేవు. ఓనరుతో వీడియో కాల్ అడిగితే రేపు, ఎల్లుండి అంటున్నారు. అడ్వాన్సు ఓనరు ఖాతాలో వేస్తామంటే ససేమిరా అన్నారు.

చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఆయన మంచివాడే అంటున్నారు.

11 నెలల అగ్రిమెంటు రాసుకునే ముందు, ఓనరుతో మాట్లాడే వీల్లేకపోయినా, ఆ జీపీఏ చెల్లుతుందో లేదో హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో, ఏ కాగితం అడిగి తేల్చుకోవచ్చు?