కరోనాలో కంపెనీలకు వచ్చింది వాపా, బలుపా?

పాతలెక్క:
ప్రశ్న సూటిగా పెడతాను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. విమానాలు, హోటళ్లు, సినిమా హాళ్లు కుదేలైపోయాయి. అదే సమయంలో వీడియో మీటింగులు, ఆన్‌లైన్ అమ్మకాలు, ఇంట్లో వాడే వ్యాయామ యంత్రాలు, వ్యాక్సిన్లు, గ్లౌజులు, సరుకు ఓడలు పట్టపగ్గాల్లేకుండా పెరిగాయి. పదేళ్ల మార్పు కొన్ని వారాల్లోనే వచ్చేసిందని అప్పట్లో ఎక్కడ చూసినా ఇదే మాట.

నన్నడిగితే అందులో ముప్పాతిక వంతు వాపే. పెలోటాన్ సంగతి చూడండి. 2020లో వాళ్ల వ్యాయామ సైకిల్ బుక్ చేస్తే ఇంటికి రావడానికి వారాలు పట్టేది. ఈ గిరాకీ ఇలాగే ఉంటుందనుకుని, 2021 మేలో ఒహాయోలో 40 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ కడతామన్నారు. 2022 ఫిబ్రవరికల్లా ఆ ఫ్యాక్టరీ రద్దయింది, 2,800 మంది ఉద్యోగాలు పోయాయి, సీఈఓ కుర్చీ దిగాడు. సైకిల్ బాగాలేక కాదు. ఇంట్లో ఒకటి ఉన్నాక రెండోది ఎవరు కొంటారు? తర్వాత రెండు మూడేళ్లలో కొనాల్సినవాళ్లు కూడా 2020లోనే కొనేశారు. రేపటి బేరాన్ని ఇవాళే అమ్ముకుని దాన్ని ఎదుగుదల అన్నారు.

వ్యాపారులకు ఆన్‌లైన్ దుకాణాలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై కూడా అంతే. అమెరికాలో చిల్లర అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా 2020 మొదట్లో 12 శాతం దగ్గర ఉండేది. ఒక్క త్రైమాసికంలో 16 శాతం దాటి, షాపులు తెరవగానే మళ్లీ దిగింది. ఈ వాటా అయిదు పదేళ్లు ముందుకు దూకి అక్కడే నిలబడుతుందని పందెం కట్టామనీ, ఆ పందెం ఫలించలేదనీ 2022 జులైలో షాపిఫై అధిపతి టోబీ లుట్కే స్వయంగా రాశాడు. అదే రోజు సిబ్బందిలో పది శాతం మందిని తీసేశారు.

మీరేమంటారు?

రేవుగాలి:
నేను సరుకు రవాణా బుకింగుల పనిలో ఉన్నాను కాబట్టి ఓడల గురించే చెప్తాను. జనం బయటికి వెళ్లి ఖర్చుపెట్టే దారి లేక ఆ డబ్బుతో వస్తువులు కొన్నారు. టేబుళ్లు, టీవీలు, ఆటబొమ్మలు అన్నీ ఒకేసారి ఓడ ఎక్కాయి. ఇక్కడ చాలామంది అనుకునేదేంటంటే ఓడలు చాలలేదని. ఓడలు ఉన్నాయి, అవి రేవు బయట ఆగిపోయాయి. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల కోసం ఒక దశలో వందకు పైగా ఓడలు వరసలో నిలబడ్డాయి. దించిన కంటెయినర్లు గోదాముల దగ్గర ట్రక్కు చాసిస్ (పెట్టెను మోసే చక్రాల చట్రం) మీదే ఉండిపోయేవి. చాసిస్ ఖాళీ కాకపోతే రేవులో ఉన్న తర్వాతి పెట్టె కదలదు, అది కదలకపోతే ఓడ కదలదు. అటు చైనాలో ఎగుమతిదారు ఖాళీ పెట్టె కోసం ఎదురు చూస్తుంటాడు.

చైనా నుంచి అమెరికా పడమటి తీరానికి రెండు వేల డాలర్ల లోపు ఉండే పెద్ద కంటెయినర్ కిరాయి 2021లో పది రెట్లయింది. ఖరారు చేసుకున్న రేటుకి చోటు అడిగితే లేదనేవాళ్లు, 'ప్రీమియం' కడతామంటే మాత్రం అదే ఓడలో దొరికేది. ఆ రోజుల్లో ఫోన్ మోగితేనే టెన్షన్. ఓడల కంపెనీ మార్స్క్‌కి 2022లో దాదాపు 2,900 కోట్ల డాలర్ల నికర లాభం వచ్చింది. 2023 వచ్చేసరికి కిరాయిలు మళ్లీ మొదటికే వచ్చాయి.

ఇది వాపు అనడానికి కూడా నాకు మనసొప్పదు, ట్రాఫిక్ జామ్‌లో వసూలు చేసిన డబ్బు. మోసిన సరుకు లాభంలాగా పది రెట్లు పెరగలేదు కదా.

మందులచీటీ:
పాతలెక్క గారూ, మీరు మూడు వేర్వేరు విషయాలను ఒకే గాటన కడుతున్నారు. షేరు ధర పడటం, కంపెనీ దెబ్బతినడం, పరిశ్రమ తగ్గిపోవడం ఒకటి కావు.

జూమ్ షేరు 2020 అక్టోబరు శిఖరం నుంచి 80 శాతానికి పైగా పడింది, నిజమే. అమ్మకాలు చూడండి. 2020 జనవరితో ముగిసిన ఏడాదిలో 62 కోట్ల డాలర్లు, తర్వాతి ఏడాది 265 కోట్లు, 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో 460 కోట్లకు పైగా. పడిపోయింది ఎక్కడ? మదుపరుల ఆశ పడిపోయింది, వాడకం ఉండిపోయింది. అదే జూమ్ 2023 ఆగస్టులో, ఆఫీసుకు దగ్గర్లో ఉన్న తన ఉద్యోగులను వారానికి రెండు రోజులు రమ్మంది. దాని మీద అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మిగతా మూడు రోజుల సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2019లో అంత పెద్ద కంపెనీలు ఎన్ని వారానికి మూడు రోజులు ఇంటి నుంచి పనికి ఒప్పుకునేవి?

ఏది నిలిచిందో తేల్చడానికి నా కొలబద్ద ఇదీ: తలుపులు మూసినందువల్ల వచ్చిన బేరం, తెరవగానే పోయింది. అంతకుముందే చేతనైన పనికి నిబంధనో అలవాటో అడ్డుగా ఉండి, కరోనాతో అది తొలగిపోయిన చోట మాత్రం నిలిచింది. అమెరికాలో వృద్ధులకు వైద్య బీమా ఇచ్చే మెడికేర్‌నే తీసుకోండి. 2020కి ముందు వీడియోలో డాక్టరును చూస్తే డబ్బు చెల్లించాలంటే రోగి చాలావరకు పల్లె ప్రాంతంలో ఉండాలి, అక్కడ కూడా ఇంట్లో కూర్చుంటే కుదరదు, ఏదో ఒక క్లినిక్‌కి వెళ్లి అక్కడి తెర ముందు కూర్చోవాలి. వీడియో కాల్ పెట్టుకున్నదే ప్రయాణం తప్పించడానికి అయితే, ఆ కాల్ కోసం ప్రయాణం చేయాలన్నమాట! 2020 మార్చిలో ఆ షరతు ఎత్తేశారు. ఫోన్లో కెమెరా అంతకు పదేళ్ల ముందు నుంచీ ఉంది.

పాతలెక్క:
టెలిమెడిసిన్ అన్నారు కాబట్టి, వీడియోలో డాక్టర్లను చూపించే టెలడాక్ కంపెనీ పేరు కూడా చెప్పాలి. 2020లో, షుగరు లాంటి దీర్ఘకాల జబ్బులను దూరం నుంచే కనిపెట్టే లివాంగో కంపెనీని 1,850 కోట్ల డాలర్లకు కొని, 2022లో ఖాతాల్లో ఆ కొనుగోళ్ల విలువ తుడిచేసుకుని 1,300 కోట్లకు పైగా నష్టం చూపించింది.

ఇక వ్యాక్సిన్లు. మోడెర్నా ఆదాయం 2019లో 6 కోట్ల డాలర్లు, 2021లో 1,850 కోట్లు, 2024కి 320 కోట్లు. ఇంతకన్నా వాపు ఇంకేం కావాలి?

మందులచీటీ:
2019లో ఆ కంపెనీ చేతిలో అమ్మడానికి ఒక్క మందు కూడా లేదు, పదేళ్లుగా పరిశోధన డబ్బుతోనే నడిచింది. దాని టీకాకు ఆధారం ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ఏ ప్రొటీన్ తయారు చేయాలో ఒంట్లోని కణాలకు చెప్పే అణువు. దాన్ని ఒంట్లోకి ఎక్కిస్తే వచ్చే మంటను తగ్గించే దారిని శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్ 2005లోనే ప్రచురించారు. 2023లో నోబెల్ వచ్చింది. కానీ 2005 తర్వాత పదిహేనేళ్లు ఆ పద్ధతిలో తయారైన ఒక్క టీకాకూ అనుమతి రాలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీలున్నాయి, పరీక్షల అనుభవముంది, అనుమతులిచ్చే సంస్థలకు దారి తెలుసు. ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కు మోడెర్నా చేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు 2024 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అమ్మకాలు తగ్గాయి సరే, 2019తో పోలిస్తే పరిశ్రమ తగ్గిందంటారా?

గోదాముకాపలా:
ఎవరికి పెరిగింది అన్నది ఎవరూ అడగట్లేదు. మలేషియాలోని టాప్ గ్లవ్ ప్రపంచంలోనే అతిపెద్ద గ్లౌజుల కంపెనీ. 2021 ఆగస్టుతో ముగిసిన ఏడాదిలో దాని లాభం 700 కోట్ల రింగిట్లు దాటింది. ఆ గ్లౌజులు చేసింది ఎక్కువగా నేపాల్, బంగ్లాదేశ్ నుంచి ఏజెంట్లకు డబ్బు కట్టి, అప్పుల్లో కూరుకుపోయి వచ్చిన కూలీలు. వెట్టిచాకిరీ అనుమానంతో 2020 జులైలో అమెరికా కస్టమ్స్ ఆ గ్లౌజులను కొంత ఆపేసింది. నవంబరులో ఇరుకు హాస్టళ్లలో ఉన్న కార్మికులకు వేల సంఖ్యలో కరోనా సోకి, ఫ్యాక్టరీలు విడతలవారీగా మూయాల్సి వచ్చింది. లోకమంతటినీ వైరస్ నుంచి కాపాడే సరుకు అక్కడ తయారవుతోంది మరి. చివరికి ఆ ఏజెంట్ల ఫీజుల కింద కూలీలకు తిరిగి ఇచ్చింది 15 కోట్ల రింగిట్ల లోపే. ఏడాది లాభంతో పోల్చి చూసుకోండి.

అమెజాన్ 2019 చివర్లో ఉన్న దాదాపు 8 లక్షల సిబ్బందిని రెండేళ్లలో 16 లక్షలు చేసింది. 2022 రెండో త్రైమాసికంలోనే దాదాపు లక్ష తగ్గించింది. మీరు వాపు అంటున్నది తగ్గినప్పుడు నొప్పి ముందుగా వీళ్లకే.

రేవుగాలి:
గ్లౌజుల విషయంలో ఇంకోటి. ధరలు చూసి చైనాలో కొత్త తయారీ లైన్లు పెట్టారు, మలేషియావాళ్లూ పెంచుకున్నారు. ఆసుపత్రులేమో భయంతో నెలలకు సరిపడా నిల్వ చేసుకున్నాయి. నిల్వ వాడుకునేదాకా కొనుగోళ్లు లేవు, లైన్లు మాత్రం ఉన్నాయి. 2023కి టాప్ గ్లవ్ నష్టాల్లో పడింది. ఇవాళ ప్రపంచం 2019 కన్నా తక్కువ గ్లౌజులేం వాడట్లేదు. ఓడల కంపెనీలు కూడా ఆ లాభాలతో కొత్త ఓడలు ఆర్డరిచ్చాయి. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులతో దారి మళ్లి దూరం పెరగబట్టి గానీ, లేకపోతే అవి ఎప్పుడో బరువయ్యేవి.

పాతలెక్క:
మందులచీటీ గారి కొలబద్ద వీడియో మీటింగులకూ ఎంఆర్‌ఎన్‌ఏకూ సరిపోతుంది, ఒప్పుకుంటాను. టెలిమెడిసిన్ దగ్గరే నా పేచీ. మెడికేర్ షరతు శాశ్వతంగా పోలేదు, సడలింపును కొన్నాళ్లకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. గడువు దగ్గరపడినప్పుడల్లా క్లినిక్‌లు వచ్చే నెల అపాయింట్‌మెంట్లు ఎలా ఇవ్వాలో తెలియక తలపట్టుకుంటున్నాయి. పొడిగింపు మీద బతికేదాన్ని నేనింకా బలుపు జాబితాలో వేయను.

మందులచీటీ:
అన్నిసార్లు పొడిగించారంటే, ఆపే ధైర్యం ఎవరికీ లేదనే కదండీ.